జాలారివీధికి లావెండర్

చింతలమెట్ట మున్సిపల్ కమిషనర్ ఉపేంద్రరావు గారు ఏదో చల్లటి కొండ ఊళ్లో జరిగిన శిక్షణ తరగతులకి వెళ్లి, కొత్త మనిషై తిరిగొచ్చారు. వెళ్లేటప్పుడు ఆయన బుర్రలో మురుగు కాలవలు, దోమలు, పందులు, పగిలిన పైపులు ఉండేవి. వచ్చేటప్పుడు ఒక్క ముక్కే ఉంది. అదీ ముక్కు గురించి.

"మనిషికి సమస్యలంటూ ఉండవు" అని ఆయన సిబ్బంది సమావేశంలో ప్రకటించారు. "మనోస్థితులు మాత్రమే ఉంటాయి. సదరు మనోస్థితులకు ద్వారం నాసిక. కావున పౌరుని నాసికను సరిదిద్దినచో పౌరుడు సరిదిద్దబడును."

చివరి వాక్యం కాగితం చూసి చదివారు కాబట్టి అందరూ రాసుకున్నారు.

ఆయన వెంట కొండ ఊరి నుంచి డాక్టర్ కాదంబిని అనే ఆవిడ కూడా వచ్చింది. సుగంధ సలహాదారు. ఏ డాక్టరో ఎవరూ అడగలేదు. ఆవిడ గదిలోకి రాగానే మంచి వాసన వేసింది. దాంతో అడగాలన్న మనోస్థితి పోయింది.

ఆవిడ బల్ల మీద రంగురంగుల గాజు గ్లాసులు పేర్చింది. ఒక్కో గ్లాసులో మైనం, మధ్యలో వత్తి. "లావెండర్ శాంతినిస్తుంది. వనిల్లా తృప్తినిస్తుంది. నిమ్మగడ్డి ఆశనిస్తుంది. గంధం ఓర్పునిస్తుంది" అంది మెత్తగా. "ఇవి సోయా మైనంతో చేసినవి. మామూలు కొట్లో దొరికేవి పారఫిన్‌వి. పారఫిన్ అంటే పెట్రోలు తోబుట్టువు. అది వెలిగించిన గదిలో కూర్చున్న పౌరుడికి భగ్గుమనాలనిపించడం సహజం. ఇన్నాళ్లూ మీ ఆఫీసులో జనం ఎందుకు అరుస్తున్నారో మీకు ఇప్పటికి అర్థమై ఉంటుంది."

ఇన్నాళ్లూ ఆఫీసులో కరెంటు పోతే తప్ప ఎవరూ కొవ్వొత్తి వెలిగించలేదు. అయినా అందరికీ అర్థమైంది.

ఇంజినీరు త్రివిక్రమరావు గారు గొంతు సవరించుకుని, "ఈ కొవ్వొత్తులకి నిధులు..." అనబోయారు.

కాదంబిని చెవులు మూసుకుంది. "ఆ మాట అనకండి. అందులో కొవ్వు ఉంది. వినగానే మనసు బరువెక్కుతుంది. వీటిని పరిమళ దీపికలు అనాలి."

ఆ రోజు నుంచి ఆఫీసులో కొవ్వొత్తి అన్నవాళ్లకి మెమో ఇవ్వాలని తీర్మానమైంది. ఇక నిధుల సంగతి. పైపుల మరమ్మతు కోసం విడిగా ఉంచిన నిధి కదలకుండా పడి ఉంది. కమిషనర్ గారు దాన్ని దీపికలకి మళ్లించారు.

"పైపులు బాగుచేస్తే ఏమవుతుంది? నీళ్లొస్తాయి. నీళ్లొస్తే చాలడం లేదంటారు. చాలితే మట్టిగా ఉన్నాయంటారు. పైపు అనునది ఫిర్యాదులకు మూలము. దీపిక అనునది ఫిర్యాదులకు అంతము" అని ఆయన వివరించారు. త్రివిక్రమరావు గారు ముప్పయ్యేళ్ల సర్వీసున్న మనిషి. ఆయన వెంటనే తలూపారు.

పథకానికి ప్రసన్న పౌర పథకం అని పేరు పెట్టారు. విభాగానికో వాసన కేటాయించారు. పన్నుల విభాగంలో దాల్చినచెక్క. జనన మరణాల కౌంటరు దగ్గర కాస్త చిక్కొచ్చింది. పుట్టినవాళ్లకి మల్లె, పోయినవాళ్లకి గంధం అని నిర్ణయించారు గాని కౌంటరు ఒక్కటే, గుమస్తా ఒక్కడే. వచ్చిన మనిషిని ఏ పని మీద వచ్చారో అడిగి ఒకటి ఆర్పి ఇంకోటి వెలిగించాలి. ఒకసారి తండ్రి పోయినాయన, బిడ్డ పుట్టినాయన పక్కపక్కనే నిలబడితే ఆ గుమస్తా కంగారులో రెండూ వెలిగించేశాడు. పౌరులకి మిశ్రమ మనోస్థితి కలిగించినందుకు అతన్ని సంజాయిషీ అడిగారు.

అన్నిటికీ గుండెకాయ లాంటిది ఫిర్యాదుల విభాగం. అక్కడి గుమస్తా కూర్మారావుని మనోస్థితి పరిశీలకుడిగా మార్చారు. జీతం మారలేదు. సోమవారం ఫిర్యాదు పట్టుకొచ్చిన మనిషిని అతను ముందుగా లావెండర్ దీపిక ఎదుట కూర్చోబెట్టాలి. దీర్ఘశ్వాసలు తీయించాలి. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. "ఇప్పుడెలా ఉంది?"

బాగుంది అంటే ఫిర్యాదు పరిష్కారమైనట్టు. బాగులేదు అంటే ఫిర్యాదు ఇవ్వడానికి తగిన మనోస్థితి ఇంకా రానట్టు, కాబట్టి వచ్చే సోమవారం రావాలి. ఈ రెండూ కాక మూడో జవాబు మనిషికి సాధ్యం కాదని కమిషనర్ గారి అంచనా.

ఆ అంచనా నూకాలమ్మని చూడక ముందు వేసింది.

నూకాలమ్మ మున్సిపల్ ఆఫీసు ప్రహరీ పక్కన ఎండుచేపలు అమ్ముతుంది. జాలారివీధి మనిషి. గట్టి గొంతు. బేరమాడే వాళ్లని రోడ్డవతల నుంచే కసిరి వెనక్కి పంపగలదు. కూతురు రొయ్యల ఫ్యాక్టరీలో పనికి పోతే, మనవరాలు లాస్యని ఈవిడే చూసుకుంటుంది. ఆ పిల్లకి పచ్చకామెర్లు వచ్చాయి. కళ్లు పసుపు ముద్దల్లా అయిపోయాయి. అన్నం చూస్తే మొహం తిప్పుకుంటోంది. వీధిలో ఇంకొందరు పిల్లలదీ అదే వరస. కుళాయి తిప్పితే మురుగు కంపు కొడుతోంది.

ఆ సోమవారం నూకాలమ్మ ఒక సీసాలో కుళాయి నీళ్లు పట్టి తెచ్చింది.

"కూర్చోండమ్మా. దీర్ఘంగా ఊపిరి తీసుకోండి" అన్నాడు కూర్మారావు.

"ఊపిరి తియ్యడానికి రానేదు బాబూ. నీల్ల కోసం వొచ్చినాను. ఇదిగో సూడు. మా ఈధి కుళాయిలో పట్టినాను. కాలవ నీల్లు కలిసిపోతన్నాయి. మా మనవరాలు మంచం మీద పడుంది. మనిసిని పంపించి ఆ పైపు తవ్వించండి."

"ముందు శాంతించాలమ్మా."

"నాను శాంతంగానే ఉన్నాను. నా గొంతే ఇలగుంటాది."

కూర్మారావు దీపికని ఆవిడ ముక్కు దగ్గరికి జరిపాడు. ఆవిడ కాసేపు ఆ వాసన పీల్చింది. పాపం, అతను చెప్పినట్టే పీల్చింది. పెద్ద ఆఫీసు, వాళ్ల పద్ధతేదో వాళ్లకుంటుంది కదా అనుకుంది.

"ఇప్పుడెలా ఉంది?" అన్నాడతను.

"నాకెలగుంటే నీకేటి బాబూ? నీల్లు ఎలగున్నాయో అడుగు."

ఇది మూడో జవాబు. దీన్ని ఏ గడిలో రాయాలో తెలియక కూర్మారావు లేచి కమిషనర్ గారి గదికి పరిగెత్తాడు. కమిషనర్ గారూ, వెనకాలే కాదంబినీ వచ్చారు.

ఉపేంద్రరావు గారు సీసా మూత తీసి, కళ్లు మూసుకుని, సభలో పూలదండ వాసన చూసినట్టు చూశారు. "దీనికి లావెండర్ వాసన వస్తోందే!"

"దీపం అవతల పెట్టి సూడు బాబూ" అంది నూకాలమ్మ.

"దీపిక లేకుండా వాసన చూడటం మార్గదర్శకాలకు విరుద్ధమమ్మా. రాసుకో కూర్మారావ్. సదరు జలము పరిమళభరితముగా ఉన్నట్లు తనిఖీలో తేలినది."

నూకాలమ్మకి అప్పటిదాకా రాని కోపం అప్పుడొచ్చింది. "పరిమళమా? అయితే తాగు బాబూ! ఒక్క గుక్క తాగు. ఈ అమ్మగారిని కూడా తాగమను" అని సీసా కాదంబిని వైపు చాచింది. కాదంబిని వెనక్కి జరిగి, ముక్కు ఎగబీల్చి, ఏదో కనిపెట్టిన దానిలా చిటికేసింది.

"సార్, గమనించారా? ఈవిడ దగ్గర చేపల వాసన వస్తోంది. ఎండుచేపది కోపకారక గంధం. ఈవిడకి నీళ్ల వల్ల కోపం రాలేదు. వృత్తి వల్ల వచ్చింది. అంతే కాదు, ఈవిడ రోజూ ప్రహరీ పక్కనే కూర్చుంటుంది. మన ఆఫీసుకి వచ్చే ప్రతి పౌరుడూ లోపలికి రాకముందే పాడైపోతున్నాడు."

మర్నాడే ఆఫీసు చుట్టూ ప్రతికూల గంధ నిషేధ మండలం వెలిసింది. నూకాలమ్మ బుట్టలు ట్రాక్టరులో వేసి ఊరవతల దింపారు. తర్వాత మిరపకాయ బజ్జీల బండి లేపేశారు, దురాశ పుట్టిస్తుందని. చెప్పులు కుట్టే ఆయన్ని లేపేశారు, తోలు వాసన నిరాశ కలిగిస్తుందని. చివరికి సిబ్బంది క్యారేజీలు గేటు దగ్గర మూత తీసి చూడ్డం మొదలైంది. కూర్మారావు క్యారేజీలో నెత్తళ్ల చేపల పులుసు దొరికింది. దాన్ని పంచనామా చేసి పారబోస్తుంటే అతను కళ్లప్పగించి చూస్తూ నిలబడ్డాడు. వాళ్ల ఆవిడ చింతకాయ వేసి వండిందిట. ఆ మధ్యాహ్నం అతను వనిల్లా దీపిక ముందు కూర్చుని పెరుగన్నం తిన్నాడు. తృప్తి కలగలేదు గాని, కలిగినట్టు రాసుకున్నాడు.

నీళ్ల గొడవ మాత్రం ఆగలేదు. జాలారివీధి నుంచి వారం వారం మనుషులు వస్తూనే ఉన్నారు. అప్పుడు త్రివిక్రమరావు గారికి ఒక ఆలోచన వచ్చింది. సర్వీసులో అదే మొదటిది. "పౌరుడు దీపిక దగ్గరికి రావడం కాదు సార్. దీపికే పౌరుడి దగ్గరికి వెళ్లాలి. ప్రతి కుళాయి దగ్గరా ఒకటి పెడదాం."

కాదంబిని నిమ్మగడ్డి సూచించింది. జాలారివీధిలో షామియానా వేశారు. కుళాయి పక్కన సిమెంటు దిమ్మె కట్టి, దాని మీద గాజుబుడ్డిలో దీపిక పెట్టారు. కమిషనర్ గారు వెలిగించి ఉపన్యసించారు. "నీటికి రంగు, రుచి, వాసన ఉండవని మనం చిన్నప్పుడు చదువుకున్నాం. ఆ లోటు నేటితో తీరినది." చప్పట్లు కొట్టడానికి ఆఫీసు నుంచి తెచ్చుకున్న మనుషులే కొట్టారు. కుళాయి తిప్పే ముందు గట్టిగా ఊపిరి పీల్చి, నీళ్లు నిండేదాకా బిగబట్టాలని వీధి ఆడవాళ్లకి కాదంబిని నేర్పించబోయింది.

"ఎంతసేపు బిగబట్టాలమ్మా?" అని అడిగింది పక్కింటి బంగారమ్మ.

"బిందె నిండేదాకా."

"తాగినప్పుడో?"

కాదంబిని దిమ్మె మీద దీపిక సర్దుతూ ఉండిపోయింది. సభ ముగిసి కార్లు కదిలాక నూకాలమ్మ కుళాయి తిప్పి, దోసెడు నీళ్లు పట్టి ఆ దీపం మీద కొట్టింది. ఆ నీళ్లు పనికొచ్చిన పని అదొక్కటే.

ఆ వారంలో బంగారమ్మ కొడుకు అవే కామెర్లతో చనిపోయాడు. ఇంకా బడికి కూడా వెళ్లని పిల్లాడు. పట్నం తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు. వీధంతా రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. తర్వాత మరణం కాగితం కావాల్సొచ్చి బంగారమ్మ మున్సిపల్ ఆఫీసుకి వెళ్తే, తోడు నూకాలమ్మ వెళ్లింది. కౌంటరు గుమస్తా, "జననమా మరణమా?" అని అడిగి, మల్లె ఆర్పి గంధం వెలిగించాడు. అతను చెడ్డవాడు కాదు. సంజాయిషీ ఒకసారి రాసుకున్నాడు కాబట్టి జాగ్రత్తగా వెలిగించాడు.

బంగారమ్మ ఆ మంట వైపు చూస్తూ నిలబడిపోయింది. "అక్కా, ఈల్లు దీనికి కూడా దీపం ఎట్టినారే" అంది చిన్నగా.

నూకాలమ్మ బయటికొచ్చి, మెట్ల మీద బంగారమ్మని కూర్చోబెట్టుకుని, చాలాసేపు ఆవిడ వీపు నిమురుతూ ఉండిపోయింది. గేటు దగ్గర మనిషి వచ్చి ఏడుపు లోపలికి వినిపిస్తోందనీ, నిషేధ మండలం దాటి ఏడవమనీ చెప్పాడు.

జాలారివీధి ఫిర్యాదులు మాత్రం ఒక్కటీ పుస్తకానికి ఎక్కలేదు. కోపంగా వచ్చినవాళ్లు అర్హులు కారు. శాంతించినవాళ్లకి ఫిర్యాదు లేదు. ఏడుస్తూ వచ్చినవాళ్లకి వేరే దీపిక ఉంది. చింతలమెట్టలో ఫిర్యాదుల సంఖ్య సున్నా అయింది. రాష్ట్రంలో మరే ఊరికీ సున్నా లేదు. పైనుంచి ఉత్తరం వచ్చింది. ఉత్తమ పట్టణం పురస్కారానికి చింతలమెట్టని పరిశీలిస్తున్నామనీ, సున్నాని ఇలాగే నిలబెట్టుకోవాలనీ.

ఆ సంతోషంలో ఉండగా ఉపేంద్రరావు గారికి ఆకలి మందగించింది. మొదట గమనించలేదు. ఇంట్లో గదికో దీపిక వెలుగుతోంది, వంటింట్లో నీళ్ల ఫిల్టరు పక్కన కూడా ఒకటి. అద్దంలో కళ్లు పచ్చబడితే, దీపిక వెలుగు అనుకున్నారు. చివరికి ఒకనాడు ఫైలు మీద సంతకం పెడుతూ ఒరిగిపోయారు. పట్నంలో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లారు.

"మురుగు కలిసిన నీళ్లు తాగారు" అన్నాడు అక్కడి డాక్టరు. "మీ ఊరి నీళ్లు ఎలా ఉంటాయి?"

"పరిమళభరితంగా" అన్నారు కమిషనర్ గారు, అలవాటు చొప్పున.

డాక్టరు ఆయన కళ్లు ఇంకోసారి లాగి చూశాడు. జబ్బు మెదడుకి పాకిందేమోనని ఇంకో పరీక్ష రాశాడు.

జాలారివీధి గుండా వెళ్లే పైపే కొస దాకా సాగి కమిషనర్ బంగళాలో తేలుతుంది. ఊళ్లో ఇది తెలియనివాడు లేడు, కమిషనర్ గారికి తప్ప. ఆయన ఆసుపత్రి నుంచి వచ్చి, సెలవు మీద ఇంట్లో పడుకుని, త్రివిక్రమరావు గారికి ఫోన్ చేశారు. ఆయన లేనప్పుడు ఇన్‌చార్జి కమిషనర్ త్రివిక్రమరావు గారే.

"ఆ పైపు వెంటనే తవ్వించండి" అన్నారు ఉపేంద్రరావు గారు.

"తప్పకుండా సార్. ఫిర్యాదు నంబరు చెప్పండి."

"నంబరేమిటి? నేను చెబుతున్నాను కదా."

"నమోదైన ఫిర్యాదు లేనిదే పని చేపట్టరాదని మీ సర్క్యులరే ఉంది సార్. చాలా మంచి సర్క్యులరు. ఒక్క సంతకం పెట్టాలన్నా నాకు నంబరు కావాలి. మీరు సోమవారం వచ్చి ఇచ్చేయండి. మనవాళ్లే."

సోమవారం ఉపేంద్రరావు గారు భార్య భుజం పట్టుకుని మెట్లెక్కారు. చొక్కా హ్యాంగరుకి వేలాడదీసినట్టు ఒంటి మీద వేలాడుతోంది. ఫిర్యాదుల గదిలో బెంచీ మీద అప్పటికే నూకాలమ్మ కూర్చుని ఉంది. ఆవిడ ప్రతి సోమవారం వస్తూనే ఉంది. ఆయన్ని చూసి జరిగి చోటిచ్చింది.

కూర్మారావు చేతులు నలుపుకున్నాడు. "సార్... దీర్ఘశ్వాస."

"నాకెందుకయ్యా? నేను కమిషనర్ని!"

"సెలవులో ఉన్న అధికారిని సాధారణ పౌరునిగా పరిగణించవలెను అని రాశారు సార్. మీరే."

లావెండర్ దీపిక ఆయన ముందుకొచ్చింది. ఆయన దీపికని తోసేశారు. "తీసెయ్యండి దీన్ని! నీళ్లలో మురుగు కలుస్తోందని చెబుతుంటే వినిపించుకోరేం?" అని అరిచారు. కాదంబిని మూలనుంచి తల అడ్డంగా ఊపి, "తీవ్ర భావావేశం" అని చిన్నగా అంది. ఇన్‌చార్జి గారు తలుపు దగ్గర నిలబడి విచారంగా చూశారు.

నూకాలమ్మ ఆయన వైపు తిరిగింది. మొదటిసారి ఆవిడ కళ్లలో కాస్త ఆశ మెరిసింది. "అలగ అరవండి బాబూ. మావూ అలగే అరిసినాం. మీరు సెప్తే రాసుకుంటారు."

కూర్మారావు పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని, అడగాల్సిన ప్రశ్న అడిగాడు. "ఇప్పుడెలా ఉంది సార్?"

ఉపేంద్రరావు గారు ఆ పుస్తకం వైపు చూశారు. అందులో పేజీ తెల్లగా ఉంది. రెండు మాటలు చెబితే, ఎంత మనోస్థితి సరిపోకపోయినా, ఆయన చెప్పినవి కాబట్టి కూర్మారావు రాసుకునేవాడే. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. అయితే రాసుకుంటే సున్నా పోతుంది. సున్నా పోతే పురస్కారం పోతుంది. పురస్కార సంఘం వచ్చే వారమే వస్తోంది. శాలువా, వేదిక, ఫొటో, ఆ పైన ప్రమోషను. ఆయన పచ్చటి కళ్లు ఒకసారి మూసి తెరిచారు.

"బాగుంది" అన్నారు.

కూర్మారావు పెన్ను మూసేశాడు. త్రివిక్రమరావు గారు చప్పట్లు కొట్టారు. కాదంబిని కళ్లు తుడుచుకుంది. ఉపేంద్రరావు గారు మళ్లీ భార్య భుజం పట్టుకుని, తిన్నగా ఇంటికెళ్లి, మంచం మీద అడ్డంగా పడిపోయారు.

నూకాలమ్మని ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడ లేచి, కొంగు దోపుకుని, తిన్నగా వీధికి నడిచింది.

"ఇంక ఎవుల్నీ అడగొద్దు" అంది బంగారమ్మతో. "ఆ నీల్లు తాగినోడు, సచ్చిబతికినోడు, ఆడే బాగుందన్నాడు. ఇంక మనకి ఎవులు సెప్తారు? పలుగులు తియ్యండి."

ఆ మధ్యాహ్నమే వీధి ఆడవాళ్లు రోడ్డు తవ్వారు. చేపల వేట లేని రోజు కావడంతో మగవాళ్లూ దిగారు. వీధిలోనే ఉండే ప్లంబర్ అప్పలసామి గుంతలోకి దిగి చూస్తే, కాలవ కిందుగా పోతున్న పైపు పొడుగునా చీలి ఉంది. కాలవ నీళ్లు తిన్నగా అందులోకే దిగుతున్నాయి. బంగారమ్మ ఆ చీలిక వైపు చూసి, మట్టిలో కూలబడి, గట్టిగా ఏడ్చింది. అక్కడ ఎవరూ మండలం దాటమనలేదు. నూకాలమ్మ గుంతలో నిలబడే, "ఏడు, ఏడు" అని తనూ ఏడ్చింది. ఆ ముక్క కోసి, కొత్త పైపు అతికి, మట్టి పూడ్చారు. మర్నాడు కుళాయిలో మట్టి నీళ్లొచ్చాయి. ఆ మర్నాడు మామూలు నీళ్లొచ్చాయి. ఏ వాసనా లేదు.

పురస్కార సంఘం వచ్చింది. త్రివిక్రమరావు గారు కొత్తగా పూడ్చిన రోడ్డు చూపించి, నిమ్మగడ్డి పరిమళ ప్రభావం వల్ల పౌరులు ఉత్తేజితులై, స్వచ్ఛందంగా తమ పైపులు తామే బాగుచేసుకున్నారని చెప్పారు. ఖర్చు లేకుండా పని జరిగిన పథకం సంఘం వారికి ఎక్కడా కనబడలేదట. పురస్కారం ఖాయమైంది. కాదంబినికి మరో ఊళ్లో పెద్ద ఉద్యోగం వచ్చింది.

కమిషనర్ గారూ కోలుకున్నారు. మంచి నీళ్లు తాగడం వల్ల త్వరగా కోలుకున్నారు. విధుల్లో చేరిన రోజున ఆయన బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి సన్మాన సభ ఆహ్వానపత్రం. రెండోది, అనుమతి లేకుండా ప్రభుత్వ రోడ్డు తవ్వినందుకు నూకాలమ్మకి జరిమానా నోటీసు. రెంటి మీదా సంతకం పెట్టారు. ఆ తర్వాత ఎందుకో ఆవిడని పిలిపించారు.

లాస్యకి నయమవుతోంది. అన్నం అడుగుతోంది. ఆ పిల్లని చంకనేసుకునే నూకాలమ్మ వచ్చింది.

"కూర్చోండమ్మా" అన్నారు కమిషనర్ గారు. గొంతు మర్యాదగానే ఉంది. "చట్టప్రకారం జరిమానా విధించక తప్పలేదు. అయినా మీ విషయంలో సానుభూతి వైఖరి అవలంబించదలిచాం. ఎల్లుండి సభలో ప్రసన్న పౌరురాలిగా మీకు శాలువా కప్పుతాం. వేదిక మీద నా పక్కనే కుర్చీ వేస్తాం. మీరేమీ మాట్లాడనక్కర్లేదు, నవ్వుతూ కూర్చుంటే చాలు. జరిమానా రద్దు చేసేస్తాను."

నూకాలమ్మ పిల్లని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

"జరిమానా కట్టేస్తాను బాబూ" అంది. "మీటింగుకి రాను."

"ఏం, ఎందుకని? కుర్చీ వేస్తామంటుంటే!"

"అదే బాబూ. ఆ నీల్లు తాగి కూడా మీకు కోపం రానేదు. మీ పక్కన కూకుంటే నాకూ అలవాటైపోద్ది."

ఆవిడ బయటికి నడుస్తుంటే పిల్ల భుజం మీంచి వెనక్కి తిరిగి కమిషనర్ గారికి టాటా చెప్పింది. చెయ్యి ఊపాలా వద్దా అని ఆయన కాసేపు ఆలోచించారు. ఈలోగా వాళ్లు మెట్లు దిగిపోయారు.